150 పంపితే 194 ఎందుకు వచ్చింది?

ఫోన్‌లో ఒక స్లైడర్. బల్ల మీద ఒక ఆర్డుయినో ఊనో బోర్డు (మైక్రోకంట్రోలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని నడిపే చిన్న చిప్పు ఉన్న పలక), దానికి తగిలించిన హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, ఒక చిన్న సర్వో మోటారు. స్లైడర్‌ని ఎంత జరిపితే సర్వో చెయ్యి అంత కోణానికి తిరగాలి. ఫోన్ నుంచి మైక్రోకంట్రోలర్‌కు నేను వైర్ లేకుండా మొదటిసారి బైట్లు (ఒక్కో బైట్ అంటే 0 నుంచి 255 దాకా ఒక అంకె) పంపింది ఈ పని కోసమే. సున్నా నుంచి 127 దాకా సర్వో చక్కగా మాట విన్నది. 127 దాటిందో లేదో, పూనకం వచ్చినట్టు ఊగడం మొదలుపెట్టింది. స్లైడర్‌ని 150 దగ్గర ఆపితే చెయ్యి ముందు ఆ చివరిదాకా ఎగిరి, తర్వాత వెనక్కి వచ్చి 150 దగ్గర నిలబడేది. వేలు కాస్త కదిపితే మళ్లీ అదే వరస.

సర్వో ఊగితే ఎవరైనా ముందు చెప్పేది కరెంటు చాలడం లేదని. చాలాసార్లు అది నిజం కూడా. నేనూ అదే నమ్మాను. సర్వోకి విడిగా సప్లై ఇచ్చాను, గ్రౌండ్లు కలిపాను, పెద్ద కెపాసిటర్ పెట్టాను, చివరికి సర్వోనే మార్చాను. రెండు రాత్రులు ఇలాగే పోయాయి. మూడో రోజు చేసిన పని మొదటి రోజే చెయ్యాల్సింది. బ్లూటూత్ నుంచి బోర్డుకి వస్తున్న ప్రతి బైట్‌నీ ఉన్నదున్నట్టు అంకెగా సీరియల్ మానిటర్‌లో, అంటే బోర్డు పంపేవి కంప్యూటర్‌లో కనిపించే కిటికీలో, చూపించమన్నాను. స్లైడర్ 150 మీద ఉంది. మానిటర్‌లో ఒకటి కాదు, రెండు అంకెలు కనిపించాయి: 194, 150.

అప్పుడు అర్థమైంది. నా యాప్ 150 అనే బైట్‌ని పంపడం లేదు. 150వ నంబరు గల అక్షరాన్ని టెక్స్ట్‌గా పంపుతోంది. టెక్స్ట్ బయటికి వెళ్లేముందు యూటీఎఫ్-8లోకి, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే ఒక పద్ధతిలోకి, మారుతుంది. ఆ పద్ధతిలో 127 దాకా ఉన్న అక్షరాలకి ఒక్క బైట్ చాలు, అది ఆ అంకే. 128 నుంచి రెండు బైట్లు కావాలి. 128 నుంచి 191 దాకా ఏ అంకె తీసుకున్నా ముందు 194 వస్తుంది, దాని వెనక అసలు అంకె వస్తుంది. ఆర్డుయినో సర్వో లైబ్రరీకి 194 డిగ్రీలు ఇస్తే అది 180కి కుదించుకుంటుంది. అంటే సర్వో 180కి ఎగరడం, ఆ వెంటనే 150కి రావడం, రెండూ నేను చెప్పిన పనులే. మోటారు తప్పు లేదు, కరెంటు తప్పు లేదు, రేడియో తప్పు అసలే లేదు. తెలుగులో టైప్ చేసే మనకి ఇది కొత్త సంగతేమీ కాదు. 'తెలుగు' అన్న మాట కంటికి మూడు అక్షరాలే, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అక్షరమూ బైటూ ఒకటి కాదని మనకంటే బాగా ఎవరికి తెలియాలి? అయినా ఆ రెండు రాత్రులు నాకు అది తట్టలేదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే. "రా (ముడి) బైట్ల జోలికి ఎందుకు పోవడం? అంకెని '150' అని మూడు అక్షరాల టెక్స్ట్‌గా పంపెయ్, అవతల మళ్లీ అంకెగా మార్చుకో." కొత్తగా నేర్చుకునేవాళ్లకి దాదాపు అందరూ ఇదే చెబుతారు. నేను దీనితో ఏకీభవించను. మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడే యాప్ రాసేవాళ్లు మొదటి రోజు నుంచే రా బైట్లు పంపడం నేర్చుకోవాలన్నది నా అభిప్రాయం. వేగం కోసం ఈ మాట అనడం లేదు. ఫోనుకీ బోర్డుకీ మధ్య ఏ ఒప్పందం ఉందో బైట్లు దాచవు, అందుకు అంటున్నాను.

టెక్స్ట్‌కి ఉన్న మంచి గుణాలు నాకు తెలుసు. సీరియల్ మానిటర్ తెరిస్తే కంటికి కనిపిస్తుంది. లైను చివర న్యూలైన్ (లైను ముగిసిందని చెప్పే అక్షరం) పెడితే ఒక సందేశం ఎక్కడ ముగిసిందో తెలిసిపోతుంది. చేత్తో టైప్ చేసి పరీక్షించవచ్చు. ఒక బల్బు వెలిగించి ఆర్పడానికి అంతకంటే అక్కర్లేదు. వేగం విషయానికొస్తే, మూడు రంగుల విలువలు 255, 128, 64 పంపాలంటే టెక్స్ట్‌లో కామాలూ న్యూలైనూ కలిపి 11 బైట్లు, రా బైట్లయితే 3. మాడ్యూల్‌కీ బోర్డుకీ మధ్య 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) ఉంటే ఒక బైట్‌కి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకి 960 బైట్లు. సెకనుకి 50 సార్లు పంపినా టెక్స్ట్ అందులో పట్టేస్తుంది. కాబట్టి వేగం పేరు చెప్పి వాదిస్తే నా వాదన నిలబడదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. టెక్స్ట్ పంపినప్పుడు ఒప్పందం అక్కర్లేదని అనిపిస్తుంది. నిజానికి ఒప్పందం ఉంటుంది, కాకపోతే మనకి తెలియకుండా లైబ్రరీలు చేసుకుంటాయి. ఫోన్ భాషని జర్మన్‌కి మారిస్తే జావాలో మామూలుగా ఫార్మాట్ చేసిన 3.5 కాస్తా 3,5 అవుతుంది. విలువల మధ్య మీరు పెట్టుకున్నదీ కామానే అయితే, బోర్డు దాన్ని రెండు విలువలుగా చదువుకుంటుంది. అరబిక్ సెట్టింగుల్లో ఉన్న ఫోన్‌లో అంకెల రూపమే మారిపోవచ్చు, బోర్డుకి అవి అంకెలని కూడా తెలియదు. రాసినవాళ్ల ఫోన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన యాప్ ఇంకొకరి ఫోన్‌లో మొదటి నిమిషంలోనే తప్పుతుంది. ఇక అవతలి వైపు, వచ్చిన అక్షరాల్ని అంకెగా మార్చే పార్స్‌ఇంట్ లాంటి ఫంక్షన్ ఒకటి ఉంటుంది. అంకె ఎక్కడ ముగిసిందో తేలకపోతే అది తర్వాతి అక్షరం కోసం ఎదురు చూస్తుంది, మనం మార్చకపోతే పూర్తిగా ఒక సెకను. ఆ సెకనులో బోర్డు ఇంకే పనీ చెయ్యదు. న్యూలైన్ ఒక్కటి పంపడం మరిచిపోతే చాలు, రోబో మాట ఆలస్యంగా వింటోందని మనం బ్లూటూత్‌ని తిట్టుకుంటాం.

రా బైట్లలో ఈ దాపరికం ఉండదు. తప్పు చేస్తే వెంటనే, మొరటుగా తెలుస్తుంది. నా సర్వో ఊగినట్టు.

అయితే రా బైట్లు పంపడమంటే అంకెల్ని వరసగా గాలిలోకి వదలడం కాదు. ఈ సంగతి నాకు రెండో సర్వో పెట్టినప్పుడు తెలిసింది. రెండు బైట్లు పంపుతున్నాను, మొదటిది భుజానికి, రెండోది మోచేతికి. కాసేపు బాగానే నడిచింది. ఎక్కడో ఒక బైట్ జారిపోయింది. అక్కడి నుంచి భుజం విలువ మోచేతికి, మోచేతి విలువ భుజానికి. ఇక ఎప్పటికీ అంతే, రీసెట్ కొట్టేదాకా.

'వాడు కొట్టుకుపోయాడు' అని విడగొట్టకుండా రాస్తే రెండు అర్థాలు. కొట్టుకు పోయాడంటే దుకాణానికి వెళ్లాడు. కొట్టుకుపోయాడంటే వరదలో పోయాడు. అక్షరాలు అవే, విరుపులో ఉంది తేడా అంతా. బైట్ల వరస కూడా అలాంటిదే. క్లాసిక్ బ్లూటూత్ సీరియల్ లింకు గానీ, వైఫై మీద టీసీపీ అనే డేటా పంపే పద్ధతి గానీ, బైట్లని అదే వరసలో చేరుస్తాయి, కానీ విరుపుని చేర్చవు. యాప్ ఒకేసారి పంపిన ఆరు బైట్లు అవతల రెండూ నాలుగుగా రావచ్చు, ముందు పంపినవాటితో కలిసి పన్నెండుగా కూడా రావచ్చు. 'ఒకసారి పంపాను కాబట్టి ఒకసారి చదివితే చాలు' అనుకుని రాసిన కోడ్ బల్ల మీద పనిచేస్తుంది, పక్క గదిలోకి వెళ్తే తప్పుతుంది. ఇక మాడ్యూల్ నుంచి బోర్డులోకి వచ్చేది మామూలు సీరియల్ వైరు. ఊనోలో దాని రిసీవ్ బఫర్ (వచ్చినవి చదివేదాకా ఉంచే చోటు) 64 బైట్లే. బోర్డు వేరే పనిలో మునిగి ఉంటే ఆ పైన వచ్చేవి చప్పుడు లేకుండా పోతాయి.

మొదట నేను వేసుకున్న ఉపాయం అందరూ వేసుకునేదే. సర్వో కోణం 180 దాటదు కదా, అందుకని ప్రతి సందేశానికీ ముందు 255 పెట్టాను. 255 కనిపిస్తే కొత్త సందేశం మొదలైందని అర్థం. చిన్న పనులకి ఇది ఈరోజుకీ మంచి ఉపాయమే, దీన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మోటారు వేగం 0 నుంచి 255 దాకా పంపాల్సి వచ్చిన రోజున చెడింది. ఫుల్ స్పీడ్ ఇచ్చినప్పుడల్లా బోర్డు దాన్ని కొత్త సందేశం అనుకుంది. గుర్తుగా పెట్టుకున్న విలువ డేటాలో కూడా వచ్చే అవకాశం ఉంటే, అది ఒంటరిగా గుర్తుగా పనికిరాదు.

దీనికి 1990ల చివర్లో స్టువర్ట్ చెషైర్, మేరీ బేకర్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. పేరు కాబ్స్. సున్నాని సందేశం చివరి గుర్తుగా పెట్టుకుంటాం. డేటాలో ఎక్కడా సున్నా లేకుండా ముందే మార్చేస్తాం. ఎలాగంటే, సున్నా ఉన్న చోట దాన్ని తీసేసి, తర్వాతి సున్నా ఎన్ని అడుగుల దూరంలో ఉందో ఆ అంకె రాస్తాం. మొట్టమొదట అలాంటి అంకె ఒకటి అదనంగా పెడతాం. 5, 0, 7 పంపాలనుకోండి. అది 2, 5, 2, 7, 0 అవుతుంది. మొదటి 2 అంటే రెండు అడుగులు వేస్తే సున్నా ఉండాల్సిన చోటు. అక్కడున్న 2 అంటే ఇంకో రెండు అడుగులకి సందేశం ముగింపు. చివరి 0 అసలైన గుర్తు. దీనికయ్యే అదనపు ఖర్చు 254 బైట్లకి ఒక్క బైట్, దానిపైన ఆ చివరి సున్నా. బోర్డు మధ్యలో నిద్రలేచినా, బైట్లు జారినా, తర్వాతి సున్నా రాగానే మళ్లీ దారిలో పడుతుంది. కాగితం మీద నాలుగైదు ఉదాహరణలు చేత్తో చేసి చూడండి, పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఇంత చిన్న ఆలోచన ఇంత గట్టిగా నిలబడడం చూసినప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది.

దానితో పాటు, బైట్లు దారిలో చెడ్డాయేమో తేల్చే చెక్‌సమ్ ఒకటి ఉండాలి. బ్లూటూత్ రేడియో తన ప్యాకెట్లని తానే సరిచూసుకుంటుంది కదా, మళ్లీ మనకెందుకని అడుగుతారు. అది గాలిలో ప్రయాణానికి మాత్రమే కాపలా. మాడ్యూల్ నుంచి బోర్డుకి వచ్చే రెండు అంగుళాల వైరుకి కాపలా ఎవరూ లేరు, మోటారు నాయిస్ దూరేది అక్కడే. బైట్లన్నీ కూడి మొత్తం పంపడం అందరూ చేసే చెక్‌సమ్. అయితే రెండు బైట్లు తారుమారైతే మొత్తం మారదు, తప్పు బయటపడదు. బైట్ల వరసని కూడా లెక్కలోకి తీసుకునే చెక్‌సమ్ సీఆర్‌సీ, 8 బిట్లది రాయడానికి పది లైన్లు చాలు. అది రాసుకోండి.

ఒక బైట్‌లో పట్టని అంకె వచ్చేసరికి ఇంకో మలుపు. 1000ని రెండు బైట్లుగా చేస్తే 3, 232. పెద్ద భాగం ముందా, చిన్న భాగం ముందా? యాప్ 3, 232 అని పంపితే, బోర్డు చిన్నది ముందని అనుకుని చదివితే 59395 వస్తుంది. 1980లో డానీ కోహెన్ ఈ తగవుకి బిగ్ ఎండియన్ (పెద్దది ముందు), లిటిల్ ఎండియన్ (చిన్నది ముందు) అని పేర్లు పెట్టి, ఏదో ఒకదానికి ఒప్పుకోండయ్యా అని వేడుకుంటూ ఒక వ్యాసం రాశారు. ఇన్నేళ్లయినా తగవు తీరలేదు. జావా, కోట్లిన్‌లో బైట్‌బఫర్, డార్ట్‌లో బైట్‌డేటా, జావాస్క్రిప్ట్‌లో డేటావ్యూ, మనం ఏమీ చెప్పకపోతే ఇవన్నీ పెద్ద భాగాన్ని ముందు రాస్తాయి. ఆర్డుయినో ఊనో, ఈఎస్‌పీ32 అనే ఇంకో మైక్రోకంట్రోలర్ మాత్రం మెమరీలో చిన్న భాగాన్ని ముందు పెట్టుకుంటాయి. ఏది మంచిదన్న చర్చ నాకు అనవసరం. ఒకటి ఎంచుకుని రాసిపెట్టుకోండి, కోడ్‌లో కూడా దాన్ని పేరు పెట్టి చెప్పండి.

జావాలో బైట్ అంటే -128 నుంచి 127 దాకా అన్నది కూడా చాలామందిని కంగారు పెడుతుంది. 200ని బైట్‌లో పెట్టి చూస్తే -56 కనిపిస్తుంది. పంపేటప్పుడు కంగారు పడాల్సిన పని లేదు, బిట్లు అవే. బోర్డు నుంచి వచ్చినవి చదివేటప్పుడు మాత్రం 255తో యాండ్ (బిట్ల వారీ లెక్క) చేసుకోవాలి, అప్పుడు మళ్లీ 200 కనిపిస్తుంది.

అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసే ఒక పొరపాటు ఉంది. బోర్డు వైపు ఒక స్ట్రక్ట్ (కొన్ని విలువల్ని ఒకచోట పెట్టుకునే అమరిక) రాసుకుని, వచ్చిన బైట్లని నేరుగా దాని మీదికి కాపీ చేసేస్తారు. ఒక బైట్, ఒక 16 బిట్ల అంకె, మళ్లీ ఒక బైట్ ఉన్న స్ట్రక్ట్ ఊనోలో 4 బైట్లు. అదే కోడ్ ఈఎస్‌పీ32లో 6 బైట్లు, ఎందుకంటే కంపైలర్ మధ్యలో ఒకటి, చివర ఒకటి ఖాళీ బైట్లు పెడుతుంది. మామూలు ఇంట్ కూడా ఊనోలో 16 బిట్లు, ఈఎస్‌పీ32లో 32 బిట్లు. బోర్డు మార్చిన రోజు అంతా తలకిందులవుతుంది. ప్రతి విలువనీ బైట్ బైట్‌గా తీసి షిఫ్ట్ చేసి కలుపుకోవడం నాలుగు లైన్లు ఎక్కువే. ఆ నాలుగు లైన్లు నేను ఎప్పుడూ రాస్తాను.

ఇక బీఎల్‌ఈ సంగతి, అంటే తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ లో ఎనర్జీ. ఐఫోన్‌కి కూడా యాప్ ఇవ్వాలంటే హెచ్‌సీ-05 లాంటి క్లాసిక్ సీరియల్ మాడ్యూల్ పనికిరాదు, ఆపిల్ దాన్ని మామూలు యాప్‌లకి తెరవలేదు. 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన బీఎల్‌ఈకి వెళ్లాలి. అక్కడ సీరియల్ పోర్టు ఉండదు, క్యారెక్టరిస్టిక్ అనే పెట్టెల్లో విలువలు రాయాలి. మొదట ఒప్పుకునే ఎమ్‌టీయూ (ఒక్కసారికి పట్టే పరిమాణం) 23 బైట్లు, అందులో 3 ప్రోటోకాల్‌కి పోగా మనకి మిగిలేది 20. ఫోనూ బోర్డూ మాట్లాడుకుని దీన్ని పెంచుకోవచ్చు. కానీ నా సలహా, వీలైతే మీ సందేశాన్ని 20 బైట్లలోనే సర్దండి. రా బైట్లయితే అందులో ఎంత పడుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు: ఎనిమిది సర్వోల కోణాలు, రెండు మోటార్ల వేగాలు, బటన్లన్నీ కలిపి ఒక బైట్, వరస నంబరు, సీఆర్‌సీ, ఇవన్నీ పెట్టాక ఇంకా ఏడు బైట్లు మిగులుతాయి. టెక్స్ట్‌గా అయితే మూడంకెల కోణాలు ఐదు పట్టేసరికి కామాలూ న్యూలైనూ కలిపి 20 నిండిపోతాయి.

బీఎల్‌ఈలో ఒక్క రైట్ (ఒకసారి రాసిన విలువ) ఒక్క ముక్కగానే చేరుతుంది కాబట్టి ఫ్రేమింగ్, అంటే సందేశాల మధ్య విరుపు గుర్తులు, అక్కర్లేదని కొందరంటారు. బోర్డులోనే రేడియో ఉంటే, సందేశం ఆ పరిమాణంలో పడితే, అది సరే. హెచ్‌ఎమ్-10 లాంటి బీఎల్‌ఈ మాడ్యూల్ మధ్యలో ఉంటే అవతల మళ్లీ సీరియల్ వైరే, విరుపులు మళ్లీ పోతాయి. ఆండ్రాయిడ్‌లో ఇంకో జాగ్రత్త: ఒక రైట్ పూర్తయిందని కాల్‌బ్యాక్ వచ్చేదాకా రెండోది పంపకూడదు. స్లైడర్ కదిలిన ప్రతిసారీ పంపేస్తే మధ్యవి పోతాయి, ఒక్కోసారి చివరిది, అంటే మనకి కావాల్సిందే పోతుంది.

చివరిగా చెప్పాల్సింది నా మనసుకి అన్నిటికంటే దగ్గరి సంగతి. రెండు చక్రాల బండి ఒకటి చేశాను. 'ముందుకు' బటన్ నొక్కితే ఒక బైట్, వదిలితే 'ఆగు' అని ఇంకో బైట్. ఒకరోజు బటన్ నొక్కి ఉండగా ఫోన్‌కి కాల్ వచ్చింది. యాప్ వెనక్కి వెళ్లిపోయింది, 'ఆగు' బైట్ వెళ్లనేలేదు. బండి అలాగే వెళ్లి మెట్ల మీంచి కింద పడింది. చక్రం విరిగింది, అంతే. అది చిన్న బండి కాబట్టి సరిపోయింది. ఆ పక్కన పాకే పిల్లాడు ఉంటే? బండి స్థానంలో బరువైన యంత్రం ఉంటే?

అప్పటి నుంచి నేను సంఘటనల్ని పంపను, స్థితిని పంపుతాను. బటన్ నొక్కినప్పుడు ఒకసారి కాదు, నొక్కి ఉన్నంతసేపూ ప్రతి 50 మిల్లీసెకన్లకీ మొత్తం స్థితి వెళ్తుంది. ఒక సందేశం పోయినా తర్వాతిది దాన్ని సరిచేస్తుంది. 300 మిల్లీసెకన్ల పాటు సీఆర్‌సీ సరిపోయిన సందేశం ఒక్కటీ రాకపోతే బోర్డు తనంతట తానే మోటార్లు ఆపేస్తుంది. ఈ నిర్ణయం యాప్‌ది కాకూడదు, బోర్డుదే కావాలి, ఎందుకంటే లింకు తెగినప్పుడు మోటారు దగ్గర ఉండేది బోర్డే. ఎవరి ప్రాజెక్టు చూసినా నేను ముందు అడిగే ప్రశ్న, ఫోన్ స్విచాఫ్ అయితే నీ మోటారు ఏం చేస్తుంది అని. చాలాసార్లు జవాబు రాదు.

ఇప్పుడు కొత్త పని మొదలుపెడితే యాప్ తెరవను, బోర్డు తియ్యను. ఒక కాగితం తీసుకుని గళ్లు గీస్తాను. మొదటి గడి ఒప్పందం వెర్షన్ నంబరు, రెండోది వరస నంబరు, తర్వాత విలువలు, ఒక్కోదాని ఎదురుగా ఎన్ని బైట్లు, ఏ భాగం ముందు, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, చివర సీఆర్‌సీ. ఆ కాగితం చూసి బోర్డు కోడ్ రాస్తాను. యాప్ రాయకముందే ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ లాంటి పరీక్ష యాప్‌తో చేత్తో బైట్లు పంపి చూస్తాను. సరైనవి పంపుతాను, ఒకటి తగ్గించి పంపుతాను, సీఆర్‌సీ తప్పుగా పెట్టి పంపుతాను. తర్వాత మోటారు తిరుగుతుండగా ఫోన్‌లో బ్లూటూత్ ఆపేస్తాను. చక్రం ఆగాకే యాప్‌లో మొదటి లైను రాస్తాను.